ఏ పనికి ఏ కెమెరా? పెళ్లి మండపం నుంచి చీరల ఫొటోల వరకు పరికరాల ఎంపిక వెనకున్న లెక్క

రాత్రి పదకొండు దాటిన ముహూర్తం. వధూవరుల మధ్య అడ్డతెర పట్టుకుని ఉన్నారు. పురోహితుడు సైగ చేయగానే ఇద్దరూ ఒకరి తలపై ఒకరు జీలకర్ర బెల్లం పెడతారు, గట్టిమేళం మోగుతుంది, తెర తొలగుతుంది, చుట్టూ నిలబడినవారి అక్షతలు ఒక్కసారిగా గాలిలోకి లేస్తాయి. ఇదంతా కొన్ని సెకన్లలో ముగిసిపోతుంది. ఆ సెకన్లలో ఫోకస్ తప్పినా, కార్డు మొరాయించినా, మైకు మూగబోయినా ఇంకోసారి చేయమని అడిగే వీలు ఎవరికీ ఉండదు. అదే వారంలో మరో ఫొటోగ్రాఫరు పోచంపల్లిలో ఒక ఇక్కత్ చీరను వేలాడదీసి, కెమెరాను స్టాండుపై బిగించి, రంగు సరిగ్గా కుదిరేదాకా ఇరవైసార్లు తీసినా అడిగేవారు లేరు.

ఇద్దరూ వృత్తి నిపుణులే. కానీ వారి పనులు పరికరాల నుంచి కోరేవి దాదాపు పరస్పర విరుద్ధమైనవి. మొదటి పనికి వేగం, తక్కువ వెలుతురులో పనితనం, ఒకటి ఆగిపోతే అందుకునే రెండోది కావాలి. రెండో పనికి నమ్మదగిన దీపాలు, కచ్చితమైన రంగు, సూక్ష్మమైన వివరం కావాలి. అందువల్ల ‘ఏ కెమెరా మంచిది’ అనే ప్రశ్నకు, పని ఏమిటో తెలియకుండా జవాబు చెప్పడం సాధ్యం కాదు. అక్కడి వెలుతురు ఎంత, ఎంత దూరం నుంచి తీయాలి, తీసినది చివరికి ఎక్కడ చూస్తారు, ఆ క్షణం మళ్లీ దొరుకుతుందా అన్న నాలుగు విషయాలు తేలాకే ఎంపిక మొదలవుతుంది. వీటిలో నాలుగోదే అన్నిటికన్నా బరువైనదని నా అభిప్రాయం. మళ్లీ దొరకని క్షణాన్ని తీసేవారికి, ఒకే ఫొటోను ఏకకాలంలో రెండు కార్డులపై రాసే కెమెరా, ఒక్క కార్డుకే చోటున్న ఖరీదైన కెమెరా కన్నా విలువైనది.

## వెలుతురు లెక్క: తలంబ్రాలతో ఒక ఉదాహరణ

ఫొటోలోకి వచ్చే వెలుతురును మూడు అంశాలు నిర్ణయిస్తాయి. లెన్సు లోపలి రంధ్రం ఎంత తెరుచుకున్నదో చెప్పేది అపర్చర్. దీనిని ఎఫ్/2.8, ఎఫ్/4 అని రాస్తారు, అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. వెలుతురును ఫొటోగా మార్చే సెన్సరుపై అది ఎంతసేపు పడుతుందో చెప్పేది షటర్ వేగం. అందిన సంకేతాన్ని కెమెరా ఎంత పెంచి చూపుతుందో చెప్పేది ఐఎస్ఓ. వెలుతురు రెట్టింపు అయినా సగమైనా దానిని ఒక ‘స్టాపు’ అంటారు.

మండపంలో ఎఫ్/4, సెకనులో 125వ వంతు, ఐఎస్ఓ 1600 దగ్గర ఫొటో సరిగ్గా వస్తోందని అనుకుందాం. కూర్చున్న మనుషులకు ఆ వేగం చాలు. తలంబ్రాల సమయంలో మాత్రం గాలిలోని గింజలు గీతలుగా సాగిపోతాయి, దోసిలి ఎత్తిన చేతులు చెదిరిపోతాయి. వాటిని నిలిపి చూపాలంటే కనీసం 500వ వంతు కావాలి. అంటే వెలుతురు నాలుగో వంతుకు, రెండు స్టాపులు, పడిపోతుంది. ఎఫ్/2.8 జూమ్ లెన్సు ఉంటే ఒక స్టాపు అక్కడ తిరిగి వస్తుంది, మిగతా ఒక్క స్టాపు కోసం ఐఎస్ఓను 3200కు పెంచితే సరిపోతుంది. ఎఫ్/4 లెన్సే ఉంటే ఐఎస్ఓ 6400కు వెళ్లాలి, ఫొటోలో ఇసుక చల్లినట్టుండే మచ్చలు పెరుగుతాయి.

ఎఫ్/1.8 వరకు తెరుచుకునే 85 మి.మీ. ప్రైమ్ లెన్సుతో, అంటే జూమ్ చేయలేని లెన్సుతో (మి.మీ. అంకె పెరిగేకొద్దీ దూరపు దృశ్యం దగ్గరగా కనిపిస్తుంది), ఐఎస్ఓను కదపకుండానే పని జరుగుతుంది కదా అని కొందరు వాదిస్తారు. వెలుతురు వరకు అది నిజమే. అయితే మూడు మీటర్ల దూరంలో, పెద్ద సెన్సరున్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాపై, ఆ లెన్సు పూర్తిగా తెరిచినప్పుడు స్పష్టంగా కనిపించే లోతు సుమారు 13 సెంటీమీటర్లు మాత్రమే. వధువు కళ్లు స్పష్టంగా ఉండి, అరడుగు వెనకున్న వరుడి ముఖం మసకబారవచ్చు. ఒంటరి చిత్రానికి అందాన్నిచ్చే ఆ మసకే, ఇద్దరూ ఉండాల్సిన చిత్రంలో లోపమవుతుంది. పైగా ప్రైమ్ లెన్సుతో దగ్గరికీ దూరానికీ జరగాల్సింది మనిషే, ముహూర్త సమయంలో మండపంపై అడుగు వేయడానికి చోటుండదు. జూమ్‌లను ఇష్టపడేవారి వాదనకు మూలం ఇదే. ప్రైమ్‌లను ఇష్టపడేవారు అదే డబ్బుకు ఎక్కువ వెలుతురు, తక్కువ బరువు దొరుకుతాయంటారు. పెళ్లికూతురిని చేసే వేళ, హడావిడి లేని గదిలో, వారి మాటే నెగ్గుతుంది.

## మెగాపిక్సెళ్లు ఎన్ని కావాలో ఆల్బమ్ చెబుతుంది

పెళ్లి ఆల్బమ్‌లలో వాడుకలో ఉన్న ఒక కొలత 12×36 అంగుళాల షీటు. మధ్యలో మడిస్తే ఒక్కో పేజీ 12×18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల నాణ్యతతో ముద్రించాలంటే ఒక పేజీకి 3600×5400 పిక్సెళ్లు, అంటే 1.94 కోట్లు కావాలి. 24 మెగాపిక్సెళ్ల, అంటే 2.4 కోట్ల పిక్సెళ్ల, కెమెరా 6000×4000 పిక్సెళ్లు ఇస్తుంది కాబట్టి పేజీ నిండా ఒకే ఫొటో వేసినా ఇంకా మిగులుతుంది. ఒకే ఫొటోను రెండు పేజీలకూ పరిచినప్పుడు మాత్రం అంగుళానికి సుమారు 167 చుక్కలే దక్కుతాయి. 45 మెగాపిక్సెళ్ల కెమెరాతో అది 229 అవుతుంది. ఆల్బమ్‌ను ఒడిలో పెట్టుకుని చూసే దూరంలో ఈ తేడాను గమనించేవారు కొందరు ఉంటారు, గమనించనివారు ఎక్కువ. దీనికి మరోవైపు, ఒక పెళ్లికి నాలుగైదు వేల ఫొటోలు తీసే స్టూడియోకు 45 మెగాపిక్సెళ్ల ఫైళ్లు కార్డులను, హార్డ్‌డిస్కులను, కంప్యూటరును, చివరికి ఎంపిక చేసే మనిషి ఓపికను కూడా రెట్టింపు అడుగుతాయి. వార్తాపత్రికకు పనిచేసేవారికి, సభ ముగియకముందే ఫొటో డెస్కుకు చేరాలి గనుక, చిన్న ఫైలే మేలు చేస్తుంది.

## సెన్సరు పరిమాణం: ఫుల్‌ఫ్రేమ్ తప్పనిసరా?

ఫుల్‌ఫ్రేమ్ సెన్సరు పాత ఫిల్ము పరిమాణంలో 36×24 మి.మీ. ఉంటుంది. ఏపీఎస్-సి, అంటే వాడుకలో క్రాప్ సెన్సరు, సుమారు 23.5×15.6 మి.మీ. మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3×13 మి.మీ. వైశాల్యం లెక్కిస్తే ఫుల్‌ఫ్రేమ్ క్రాప్ సెన్సరు కన్నా సుమారు 2.4 రెట్లు పెద్దది, కనుక ఒకే లెన్సు అమరికలో అది ఒక స్టాపుకు కాస్త ఎక్కువ వెలుతురును సేకరిస్తుంది. చీకటి మండపంలో ఈ తేడా కంటికి కనిపిస్తుంది. మరోపక్క, మచ్చలను తొలగించే సాఫ్ట్‌వేర్ ఇటీవలి సంవత్సరాల్లో ఎంతో మెరుగైందని, క్రాప్ కెమెరాపై మిగిల్చిన డబ్బును మంచి లెన్సుపై పెడితే ఫలితం సమానమవుతుందని చెప్పేవారి మాటలోనూ బలముంది. క్రాప్ బాడీపై (బాడీ అంటే లెన్సు కాక మిగిలిన కెమెరా) ఎఫ్/1.8 లెన్సు, ఫుల్‌ఫ్రేమ్‌పై ఎఫ్/4 లెన్సు కన్నా తక్కువ వెలుతురులో మెరుగ్గా నిలుస్తుంది. కొనేవారిలో చాలామంది బాడీకి ఖర్చంతా పెట్టి లెన్సు దగ్గర సర్దుకుంటారు. వరుస దానికి తలకిందులుగా ఉండాలని నేను బలంగా నమ్ముతాను, ఎందుకంటే బాడీ ఐదారేళ్లలో పాతబడుతుంది, మంచి లెన్సు రెండు మూడు బాడీలను చూస్తుంది.

పక్షుల దగ్గరికి వచ్చేసరికి ఈ వాదన మలుపు తిరుగుతుంది. పులికాట్‌కు చేరువలోని నేలపట్టులో గూడబాతులు చెరువు నీటి మధ్య చెట్లపై గూళ్లు కడతాయి. దగ్గరికి వెళ్లే మార్గం లేదు, వెళ్లకూడదు కూడా. క్రాప్ సెన్సరుపై 400 మి.మీ. లెన్సు, ఫుల్‌ఫ్రేమ్‌పై 600 మి.మీ. లెన్సు చూపినంత ఇరుకైన దృశ్యాన్నే చూపుతుంది, కాబట్టి పక్షి ఫ్రేములో పెద్దదిగా కనిపిస్తుంది. అయితే లెన్సు నిజంగా పొడవు పెరగలేదన్నది గుర్తుంచుకోవాలి. 45 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ ఫొటోను అంతే మేరకు కత్తిరిస్తే దాదాపు 20 మెగాపిక్సెళ్లు మిగులుతాయి, అంటే 20 మెగాపిక్సెళ్ల క్రాప్ కెమెరాతో సమానం. తేడా అంతా ధరలోనూ బరువులోనూ ఉంటుంది, ఉదయం నుంచి భుజాన మోసేవారికి ఆ బరువు చిన్న విషయం కాదు.

## ఫొటోకు మంచిదైన కెమెరా వీడియోకు ఎందుకు తడబడుతుంది

ఫొటో కెమెరాలు వీడియో తీయడం మొదలుపెట్టిన తొలి సంవత్సరాల్లో చాలావాటిలో రికార్డింగు 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోయేది. దానికి యూరోపియన్ యూనియన్ సుంకాల నిబంధన ఒక ముఖ్య కారణం. ముప్పై నిమిషాలు, ఆపై నిరాటంకంగా రికార్డు చేయగలిగితే అది వీడియో కెమెరాగా లెక్కకు వచ్చి సుంకం పెరిగేది. ఇప్పటి మోడళ్లలో చాలావాటికి ఆ హద్దు లేదు గానీ, పాత కెమెరా కొనేవారు ఇప్పటికీ చూసుకోవలసిన విషయమే.

దానికన్నా పెద్ద ఇబ్బంది వేడి. చాలా కెమెరాలకు తయారీదారులు ప్రకటించే పనిచేసే ఉష్ణోగ్రత 40 డిగ్రీల వరకే. వేసవి ముహూర్తాల్లో షామియానా కింద అంతకు మించిన ఎండలో, 4కె వీడియో గంటల తరబడి నడిస్తే, చిన్న బాడీ వేడెక్కి తనంతట తానే ఆగిపోవచ్చు. 2019లో వచ్చిన పానసోనిక్ ఎస్1హెచ్, 2021లో వచ్చిన సోనీ ఎఫ్ఎక్స్3 వంటి కెమెరాల్లో లోపల ఫ్యాను పెట్టడానికి కారణం ఇదే.

మన పెళ్లిళ్లలో ‘ట్రెడిషనల్’, ‘క్యాండిడ్’ అని రెండు జట్లు వేరుగా పనిచేయడాన్ని కొందరు ఖర్చు పెంచే పద్ధతిగా చూస్తారు. పరికరాల వైపు నుంచి చూస్తే అవి ఒకే చోట జరిగే రెండు వేర్వేరు పనులు. ట్రెడిషనల్ వీడియో తంతు మొత్తాన్ని, వచ్చిన బంధువులందరినీ, ఏదీ వదలకుండా నమోదు చేయాలి. దానికి చిన్న సెన్సరు, పొడవైన జూమ్, గంటల తరబడి ఆగని రికార్డింగు, స్థిరమైన ఆడియో ఇన్‌పుట్లు ఉన్న క్యామ్‌కార్డర్ ఇప్పటికీ సరైన సాధనమే, ముందున్నవారూ వెనకున్నవారూ స్పష్టంగా కనిపించడం అక్కడ గుణం. క్యాండిడ్ వీడియో కొన్ని నిమిషాల చిత్రంగా మారుతుంది కాబట్టి పెద్ద సెన్సరు, నడుస్తూ తీసినా కుదుపు రానివ్వని గింబల్, రంగులు దిద్దుకునే వెసులుబాటు కోరుతుంది.

రంగులు దిద్దడం అన్నప్పుడు వినిపించే 8-బిట్, 10-బిట్ మాటల అర్థం ఇది: ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 8-బిట్‌లో 256 మెట్లు, 10-బిట్‌లో 1024 మెట్లు ఉంటాయి. ఎడిటింగులో రంగును గట్టిగా లాగినప్పుడు, మెట్లు తక్కువైతే సాయంకాలపు ఆకాశంలో చారలు బయటపడతాయి. అదే రోజు యథాతథంగా పంపేసే ప్రెస్‌మీట్ వీడియోకు ఈ తేడా అక్కరలేదు.

నిల్వ లెక్క విషయంలో తరచుగా గందరగోళం కలిగించేవి బిట్లు, బైట్లు. కెమెరా ‘సెకనుకు 100 మెగాబిట్లు’ అంటే 8తో భాగించగా 12.5 మెగాబైట్లు. గంటకు 45 గిగాబైట్లు. నాలుగు గంటల తంతు, రెండు కెమెరాలు అంటే 360 గిగాబైట్లు, రెండు ప్రతులు దాచితే 720. కార్డుపై పెద్ద అక్షరాల్లో ఉండే వేగం సాధారణంగా చదివే వేగం. రాసే వేగానికి హామీ ఇచ్చేది వి30, వి60, వి90 అనే గుర్తు, వి30 అంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు. పై ఉదాహరణకు వి30 చాలు. సెకనుకు 400 మెగాబిట్ల రికార్డింగుకు 50 మెగాబైట్లు కావాలి కాబట్టి వి60 తప్పదు.

ఇంకొకటి దీపాల మినుకు. మన దేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్‌పై నడుస్తుంది కాబట్టి అనేక దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. సెకనుకు 25 ఫ్రేములు, 50వ వంతు షటర్ పెడితే ఆ మినుకు కెమెరాతో కలిసిపోయి కనిపించదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగువారి వేడుకను తీసేవారికి అక్కడి 60 హెర్ట్జ్ విద్యుత్తు వల్ల ఇదే లెక్క 30 ఫ్రేములు, 60వ వంతుగా మారుతుంది. వేదిక వెనకుండే ఎల్ఈడీ తెరలు ఈ రెంటికీ లొంగవు, వాటి మినుకు వాటిదే. శబ్దం రాకూడదని ఎలక్ట్రానిక్ షటర్‌తో తీసిన ఫొటోల్లో చారలు పడేది కూడా ఇందువల్లే, ఎందుకంటే సాధారణ సెన్సరు దృశ్యాన్ని పైనుంచి కిందికి వరుస వరుసగా చదువుతుంది. మొత్తాన్ని ఒకే క్షణంలో చదివే గ్లోబల్ షటర్‌ను సోనీ 2023 చివర్లో ప్రకటించిన ఆల్ఫా 9 III ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో తెచ్చింది.

## ధ్వని: చివర గుర్తొచ్చేది, ముందు పాడయ్యేది

మసక వీడియోను చూస్తారు, మాట వినపడని వీడియోను మూసేస్తారు. అయినా పరికరాల జాబితాలో మైకు చివర్లో చేరుతుంది. మైకుకూ నోటికీ మధ్య దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరుబయట ధ్వని 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పురోహితుడి ఛాతీపై 25 సెంటీమీటర్ల దూరంలో ఉన్న కాలర్ మైకుతో పోలిస్తే, నాలుగు మీటర్ల దూరంలోని కెమెరా మైకుకు మంత్రం 24 డెసిబెల్స్ తక్కువగా చేరుతుంది. చుట్టూ ఉన్న మాటలు, ఫ్యాన్లు, జనరేటర్ మాత్రం తగ్గవు.

కాలర్ మైకు పెట్టాక మరో చిక్కు. మెల్లగా సాగే మంత్రాలకు తగినట్లు స్థాయి పెంచి ఉంచితే, గట్టిమేళంలో డోలు, సన్నాయి విరుచుకుపడి రికార్డింగు చీలిపోతుంది. 32-బిట్ ఫ్లోట్ అనే పద్ధతిలో రికార్డు చేసే పరికరాలు అతి చిన్న, అతి పెద్ద శబ్దాలను రెండింటినీ దాచి, తర్వాత స్థాయి దిద్దుకునే వీలిస్తాయి. కానీ మైకు తానే భరించలేని శబ్దాన్ని ఏ పద్ధతీ బాగుచేయలేదు. చవకైన వైర్‌లెస్ మైకులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను వాడతాయి, వందల ఫోన్ల వైఫై కూడా తిరిగేది అక్కడే. సంకేతం తెగినా ట్రాన్స్‌మిటర్ లోపలే రికార్డయ్యే సదుపాయం ఉన్న మైకుకు మళ్లీ దొరకని క్షణాల్లో అంత విలువ అందుకే.

## అద్దం ఉన్న కెమెరాలు, లేని కెమెరాలు

సోనీ 2013లో ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాలను, అంటే లోపల అద్దం లేనివాటిని, తెచ్చింది. కెనాన్, నికాన్ 2018లో అదే దారి పట్టాయి. అద్దం లేకపోవడం వల్ల కన్ను పెట్టి చూసేచోట తుది ఫొటో ఎలా వస్తుందో ముందే కనిపిస్తుంది, కళ్లను గుర్తుపట్టి వెంబడించే ఫోకస్ ఫ్రేము అంతటా పనిచేస్తుంది. కదిలే మనుషులతో పనిచేసేవారికి ఇది నిజమైన లాభం. అద్దం ఉన్న పాత తరహా డీఎస్ఎల్ఆర్‌ను వదలనివారి వాదన కూడా అనుభవం మీద నిలిచినదే: బ్యాటరీ చాలాసేపు వస్తుంది (నికాన్ డి850కి ప్రామాణిక పరీక్షలో ఒక చార్జికి 1840 ఫొటోలు), సెకండ్‌హ్యాండ్ ధరలు పడిపోయాయి, 1987 నుంచి వచ్చిన కెనాన్ ఈఎఫ్ లెన్సులు కుప్పలుగా దొరుకుతాయి, అవి అడాప్టరుతో కొత్త బాడీలపైనా పనిచేస్తాయి. ఉన్నదానితో పని సాగుతున్న స్టూడియో తొందరపడాల్సిన అవసరం లేదు. కొత్తగా మొదలుపెట్టేవారికి మాత్రం కంపెనీల కొత్త లెన్సులు దాదాపు అన్నీ మిర్రర్‌లెస్ వైపే వస్తున్నాయన్నది తూకాన్ని మారుస్తుంది.

## చీరల ఫొటోలో కెమెరా వంతు తక్కువ

పోచంపల్లి, గద్వాల, వెంకటగిరి, మంగళగిరి నేతలను ఆన్‌లైన్‌లో అమ్మేవారికి వచ్చే ప్రధాన ఫిర్యాదు, ఫొటోలో ఉన్న రంగు ఇంటికి వచ్చిన చీరలో లేదని. ఇక్కడ ఖర్చు పెట్టవలసింది దీపాలపై. రంగులను ఎంత నమ్మకంగా చూపుతుందో తెలిపే సీఆర్ఐ అంకె 95 దాటిన దీపాలు, వైట్ బ్యాలెన్స్ కోసం, అంటే తెలుపును తెలుపుగానే చూపేలా కెమెరాను సరిచేయడానికి, బూడిదరంగు కార్డు, కదలని స్టాండు ఉంటే పదేళ్ల నాటి క్రాప్ కెమెరా కూడా చక్కగా పనిచేస్తుంది. జరీ ఎదురు వెలుతురుకు తెల్లబారుతుంది కనుక దీపాన్ని పక్కనుంచి, మెత్తని బట్ట గుండా పంపుతారు. సన్నని నేత గళ్లు సెన్సరు గళ్లతో పోటీపడి లేని అలలను సృష్టించడాన్ని మోరే అంటారు. దూరాన్ని కొద్దిగా మార్చి మళ్లీ తీస్తే అది చాలావరకు పోతుంది, చీర ఎక్కడికీ వెళ్లదు కదా.

## డ్రోన్: ఎంపికకు ముందు చట్టం

2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల వరకు నానో, అక్కడి నుంచి 2 కిలోల వరకు మైక్రో తరగతి. నానోకు, వ్యాపారేతర అవసరానికి ఎగరేసే మైక్రోకు పైలట్ ధ్రువపత్రం అక్కరలేదు. పెళ్లి కవరేజీ వ్యాపారం కాబట్టి మైక్రో డ్రోన్ ఎగరేసేవారికి అది కావాలి. ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల గ్రీన్ జోన్‌లో ఎత్తు హద్దు 120 మీటర్లు. 2022 ఫిబ్రవరిలో కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని కొన్ని మినహాయింపులతో నిషేధించింది. కెమెరా నాణ్యత కన్నా ముందు ఈ విషయాలే ఏ డ్రోన్ అన్నది తేలుస్తాయి.

## కొనాలా, అద్దెకు తేవాలా

రెండు లక్షల రూపాయల లెన్సు, రోజుకు 1500 అద్దె అనుకుందాం. 133 రోజుల అద్దె కొనుగోలు ధరకు సమానం. నాలుగేళ్ల తర్వాత లెన్సు సగం ధరకు అమ్ముడుపోతే అసలు ఖర్చు లక్షే కాబట్టి 67 రోజులకే లెక్క తేలుతుంది. ఏడాదికి ఇరవై రోజులు వాడేవారికి మూడేళ్లకు పైగా పడుతుంది, ఐదు రోజులు వాడేవారికి కొనడం దండగ. కార్పొరేట్ వీడియోలు, ఉత్పత్తుల ఫొటోలు తీసేవారికి ఈ లెక్క చాలావరకు సరిపోతుంది, తేదీని వారు సర్దుబాటు చేసుకోగలరు.

పెళ్లిళ్లకు ఇది అలా కుదరదు. పనులన్నీ మంచి ముహూర్తాల చుట్టూ గుమిగూడతాయి. శ్రావణంలో, మాఘంలో బలమైన ముహూర్తం పడిన రోజున ఊళ్లోని స్టూడియోలన్నిటికీ అదే 70-200 మి.మీ. జూమ్ లెన్సు, అదే గింబల్ కావాలి. అద్దె పెరగడం ఒక ఎత్తు, అసలు దొరకకపోవడం ఇంకో ఎత్తు. ఆషాఢంలో, మౌఢ్యాల్లో కొన్న పరికరం బీరువాలోనే ఉంటుంది, వాయిదాలు మాత్రం నెలనెలా కట్టాలి. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో తేమకు లెన్సులో బూజు పట్టకుండా డ్రై క్యాబినెట్ ఖర్చు కూడా దీనికి తోడవుతుంది. అందుకని చాలామంది, లేకపోతే ముహూర్తపు కవరేజీ ఆగిపోయే ప్రమాదమున్నవాటిని, అంటే రెండు బాడీలు, ఒక 24-70, ఒక 70-200, ఫ్లాష్, మైకులు సొంతం చేసుకుని, లేకపోయినా పెళ్లి కవరేజీ సాగేవాటిని, అంటే గింబల్, స్లైడర్, క్రేన్, డ్రోన్ అద్దెకు తెస్తారు.